పెరిగిన లెవెల్ తగ్గదు

ఆ సాయంత్రం నేను లాండ్రీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే అత్తయ్య లోపలి నుంచి కేకేసింది.

"త్వరగా రామ్మా! నీ వాళ్ళను చూద్దువుగాని. ఏనుగుల్లా తయారు చేశాను."

నా వాళ్ళంటే టీవీలో ఉండే నలుగురు. మా మరిది ఉద్యోగం మారి వెళ్తూ పాత గేమ్ మెషీన్ ఒకటి మా ఇంట్లో వదిలేశాడు. అందులో ఒక జపాన్ ఆట ఉంది. డాలు పట్టుకున్న ముసలాయన, కత్తివీరుడు, మందులమ్మాయి, ఒక దొంగ కలిసి ఊళ్ళు దాటుకుంటూ పోతారు. దారిలో రాక్షసులు అడ్డం వస్తారు. యుద్ధం వంతులవారీగా జరుగుతుంది. మనమొక దెబ్బ కొడితే వాళ్ళొక దెబ్బ కొడతారు. మన వంతు వచ్చాక ఎంతసేపు ఆలోచించుకున్నా ఎవరూ తొందరపెట్టరు. నాకు ఆట నచ్చింది అందుకే. మా ఇంట్లో అలా ఆగే మనిషి లేడు.

తెర వైపు చూశాను. నలుగురి పేర్ల పక్కనా తొమ్మిది ఉండాల్సిన లెవెల్ యాభై దాటి ఉంది.

"ఎవరు చేశారిది?"

"ఇంకెవరు? పగలంతా ఇంట్లో ఉండేది నేనేగా. వారం నుంచి ఇదే పని. అడవిలో అటూ ఇటూ తిరగడం, ఎదురొచ్చినవాణ్ణల్లా కొట్టడం. ఆ ఎర్ర బటన్ ఒక్కటి చాలు. ఒక నామం, ఒక నొక్కు. పుణ్యమూ వచ్చింది, లెవెలూ వచ్చింది." ఎడమ చేతిలో జపమాల, కుడి చేతిలో రిమోట్ లాంటి ఆ డబ్బా, ముఖం వెలిగిపోతోంది. "ఇదివరకు ఈ ముసలాయన ఒక్క దెబ్బకే కూలబడేవాడు. ఇప్పుడు చూడు, రాయిలా నిలబడతాడు!"

చిన్నా చితకా రాక్షసులను కొట్టి కొట్టి బలం పెంచుకోవడాన్ని గ్రైండింగ్ అంటారని మరిది చెప్పాడు. అంటే రుబ్బడమే. మొదటిసారి నేనూ అలాగే రుబ్బి ఆట పూర్తి చేశాను. చివరి ద్వారం దగ్గరుండే కొమ్ముల రాక్షసుడు చచ్చాడు. నాకేమీ అనిపించలేదు. దుప్పట్ల గుట్ట ఇస్త్రీ చేసి పక్కన పెట్టినట్టుంది. అందుకే రెండోసారి మొదలుపెట్టినప్పుడు బలం పెంచుకోకూడదని పట్టుబట్టాను. తప్పించుకోగలిగిన ప్రతి యుద్ధం నుంచీ పారిపోయాను. పసిపిల్లల్లాంటి నలుగురితో, ఒట్టి ఆలోచనతో వాణ్ణి ఓడించాలి. అది నాకు చేతనవుతుందో లేదో తెలియాలి.

ఎన్ని సాయంత్రాలు ఓడిపోయానో! ఓడిపోయి ఓడిపోయి ఒక సంగతి కనిపెట్టాను. వాడి పెద్ద దెబ్బ ఎప్పుడూ నలుగురిలో ప్రాణం ఎక్కువ ఉన్నవాళ్ళ మీదే పడుతుంది. మిగతా ముగ్గురికీ మందు వెయ్యకుండా కావాలనే బలహీనంగా ఉంచి, డాలున్న ముసలాయనను మాత్రం నిండుగా ఉంచితే దెబ్బంతా ఆయన కాచుకుంటాడు. ఎక్కడా చదవలేదు, ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే పట్టుకున్నాను. కిందటిసారి ఒక్క దెబ్బ దూరంలో ఓడిపోయాను. తప్పెక్కడో తెలిసింది. మందులమ్మాయి వంతు తొందరపడి ముందే వాడేశాను. లాండ్రీలో పని ఎక్కువై వారంగా కూర్చోవడం కుదరలేదు. ఇవాళ కుదిరింది. పొద్దుటి నుంచి ఆవిరిలో నిలబడి అదే ఆలోచించుకుంటూ వచ్చాను.

"నా పాత ఆట వేరేగా దాచి ఉంచారా అత్తయ్యా?"

"అదేంటో నాకేం తెలుసు? అబ్బాయిని అడిగితే ఉన్నదాని మీదే సేవ్ చెయ్యమన్నాడు."

అబ్బాయి అంటే మావారు. తువ్వాలుతో తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చారు.

"మీకు తెలుసా ఈ సంగతి?"

"నువ్వు రోజూ ఓడిపోయి ముఖం వేలాడేస్తుంటే అమ్మ చూడలేకపోయింది. మంచే చేసింది కదా. వద్దనుకుంటే తగ్గించుకో."

"పెరిగిన లెవెల్ తగ్గదు."

"అబ్బ, పోనిద్దూ. ఆటే కదా!"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆటేనండీ. మరి ఆవిరి ప్రెస్సు కూడా ఆటేనా? నల్ల కోటు మెరుపు తేలకుండా ఇస్త్రీ చేసినవాళ్ళకే లాండ్రీలో ఆ ప్రెస్సు మిషను మీద పని ఇస్తానన్నాడు మా యజమాని. ఇంట్లో మీ కోటు మీద తడిగుడ్డ వేసి నెలంతా నేర్చుకున్నాను. పరీక్ష ముందురోజు మీరేం చేశారు?"

"ఆయన నాకు తెలిసినవాడు కాబట్టి ఒక మాట చెప్పాను. ప్రెస్సు నీకే ఇచ్చాడుగా!"

"ఇచ్చాడు! పరీక్ష పెట్టకుండానే ఇచ్చాడు. నాతోపాటు నేర్చుకున్న ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. నేనైనా ఏమని మాట్లాడతాను? ఆ కోటు నేను చెయ్యగలిగేదాన్నో లేదో నాకే తెలియదు. స్కూటర్ నేర్పుతానని వెనక సీటు పట్టుకున్నారు, ఇవాళ్టికీ వదల్లేదు. నేను చెయ్యి పెట్టిన ప్రతి పనిలోనూ ఎవరిదో ఒకరి చెయ్యి ఉంటుంది ఈ ఇంట్లో!"

"మంచికి పోతే ఇదేనా?" అత్తయ్య ముక్కు ఎగబీల్చింది. "వేళ్ళు వాచిపోయాయి నాకు."

"వాచనివ్వండి!"

జీవితంలో ఆవిడతో అలా అనడం అదే మొదలు. వెళ్ళి దేవుడి పటం ముందు నిలబడ్డాను. అగ్గిపెట్టె తీశాను. రోజూ ఇక్కడ నిలబడి నేను అడిగేది ఒకటే, కష్టాలు తీసెయ్యి స్వామీ అని. ఇవాళ ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. నువ్వు నిజంగానే తీసేస్తే నాకు ఇలాగే ఉంటుందా? నేను అడగాల్సింది ఇంకేదైనా ఉందా? ఆయన ఎప్పటిలాగే చల్లగా చూస్తున్నాడు. ఆయన మీద కూడా కొంచెం కోపం వచ్చింది. దీపం మాత్రం వెలిగించాను.

"అమ్మాయ్," వెనక నుంచి అత్తయ్య గొంతు, ఈసారి మెత్తగా. "నేను పడ్డ పాట్లకైనా ఒక్కసారి కొట్టి చూపించు. వాడు చావడం నేను చూడలేదు."

వెళ్ళి కూర్చున్నాను. కొమ్ముల రాక్షసుడు గర్జిస్తూ లేచాడు, చెయ్యెత్తాడు, ఆ పెద్ద దెబ్బ కొట్టాడు. ముసలాయనకు చీమ కుట్టినట్టయినా కాలేదు. మనవైపు కత్తివీరుడు ఒకటి, దొంగ ఒకటి వేశారు. వాడు కూలిపోయాడు. విజయ సంగీతం వాయిస్తోంది.

అత్తయ్య తెర వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటి, అయిపోయిందా?"

"అయిపోయింది."

"నిన్ను అన్నాళ్ళు ఏడిపించింది వీడేనా? ఛీ, వెధవ! ఇంతోటి దానికి నా వేళ్ళు వాచాయా?" మాల పట్టుకున్న చెయ్యి ఒళ్ళో పడేసుకుంది. "ఏమీ లేదేమే ఇందులో!"

"అదే నేను మొత్తుకునేది."

నేను మెషీన్ ఆపి, మళ్ళీ వేసి, కొత్త ఆట తెరిచాను. నలుగురూ ఒకటో లెవెల్లో, చిరిగిన బట్టల్లో నిలబడ్డారు.

"మళ్ళీ మొదట్నుంచా?" అన్నారు మావారు.

"మొదట్నుంచే. రేపు యజమానినీ అడుగుతాను. ఆ నల్ల కోటు నాకూ, నాతో నేర్చుకున్న ఆవిడకూ ఇవ్వమని. ఎవరు బాగా చేస్తే ప్రెస్సు వాళ్ళదే."

"పిచ్చెక్కిందా? చేతిలో ఉన్నది పోతే?"

"పోతే పోతుంది. నాదేదో నాకు తెలుస్తుంది."

ఆయన తువ్వాలు కుర్చీ మీద పడేశారు. "సరే, నీ ఇష్టం. పొద్దున్నే నేనూ వచ్చి ఆయనతో ఒక మాట..."

"నోర్మూసుకుని కూర్చోరా!" అంది అత్తయ్య.

నా కోపం ఇంకా తగ్గలేదు. అడవిలో మొదటి రాక్షసుడు ఎదురొచ్చాడు. అత్తయ్య వేలు నా చేతిలోని ఎర్ర బటన్ వైపు ఇంత దూరం వచ్చి, ఆగి, మళ్ళీ జపమాల మీదికి వెళ్ళిపోయింది.