పదకొండు నిమిషాల ప్రార్థన

ఎల్సీ గిన్నెలు తోముతూనే ప్రార్థన చేసుకుంటుంది. పటేల్‌గూడలోని ఆ రెండు గదుల కిరాయి ఇంట్లో మోకరించడానికి తీరికెక్కడ? ఉపవాస దినాల్లో చర్చి సంఘంలో గొలుసు ప్రార్థన నడుస్తుంది. అరగంటకొకరు చొప్పున, ఎవరి వంతు ప్రార్థన వాళ్లు రికార్డు చేసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పొద్దున పది గంటల వంతు ఎల్సీది. ఫోన్ గూట్లో పెట్టి, వేలు తీసినా రికార్డింగు ఆగకుండా మైకు గుర్తు పైకి జరిపి, వానల కోసం, రోగుల కోసం చక్కగా ప్రార్థించింది. ముగించాక రికార్డింగు ఆపడం మరిచిపోయి, మళ్లీ గిన్నెల దగ్గర కూర్చుంది.

ఇక రోజూలాగే తన సొంత మాటలు మొదలయ్యాయి, దేవుడితో తప్ప ఎవరితోనూ అనని మాటలు. చేతులు తుడుచుకుని ఫోన్ చూసి, అయ్యో, పంపనేలేదే అని గబుక్కున నొక్కేసింది. గిన్నెలు సర్ది, ఇల్లంతా ఊడ్చి వచ్చి మళ్లీ ఫోన్ చూస్తే కనబడింది నిడివి. పదకొండు నిమిషాలు!

ఏమేమి అన్నదో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. 'మంగళవారం మణికట్టు మెలిపెట్టిండు ప్రభువా, ఇంక వాపు దిగలే. కుటుంబ ప్రార్థనల ఫోన్ల బైబిలు సదువుతడు, ఆమెన్ అనంగనే నా ఫోన్ గుంజుకొని ఎవరితోని మాట్లాడిన్నో సూస్తడు. ఇయ్యాల ఆయనకు డ్యూటీ మీద ఓటీ పడేటట్టు చెయ్యి. ఆయన లేని సాయంత్రం ఒక్కటియ్యి ప్రభువా.'

ఆ 'ఆయన' కెల్విన్, ఆమె భర్త. ఆ గ్రూపుకి అడ్మిన్ కూడా. "మా ఇంట్ల వాక్యం లేంది ముద్ద దిగది బ్రదర్" అని చర్చిలో నవ్వుతూ చెప్తాడు. ఆ ముద్ద ఎల్సీ ఏ చేత్తో వండిందో మాత్రం చెప్పడు. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో పని. ఫోన్ గేటు దగ్గరే ఇచ్చి లోపలికి పోవాలి. షిఫ్టు దిగేది రెండింటికి. అంతలోపు ఆ రికార్డింగుని అందరి ఫోన్ల నుంచీ తీసేయొచ్చు. ఎల్సీ వేలు దాని మీదికి పోయింది.

అంతలో ఫోన్ మోగింది. పాస్టరు గారి భార్య లీలమ్మ.

"బిడ్డా, జల్దీ తీసెయ్యి. ఇప్పటికే పదిమందిమి విన్నం. గివన్నీ అందరి ముంగట పెట్టేటియా? సంఘం పేరేం గావాలె?"

"పొరపాటున పోయింది అమ్మగారూ."

"నాకు తెల్వదా బిడ్డా? నీ కోసం ఎన్నడో సంది ప్రార్థన చేస్తున్న. మొన్న స్త్రీల కూటంల నీ చెయ్యి సూసినప్పుడు గూడ చేసిన."

ఆ రోజంతా ఎల్సీ కొంగు కింద దాచుకుని కూర్చుంది ఆ చేతిని. ఎవరూ చూడలేదనుకుంది. చూశారన్నమాట. చూసి, కళ్లు మూసుకుని, ప్రార్థన చేసి, చాయ్ తాగి వెళ్లిపోయారు. ఇన్నేళ్లూ ఎవరికైనా తెలిసిపోతుందేమోనని తను చచ్చిపోతూ బతికింది.

"ఏమైంది బిడ్డా? తీసేసినవా?"

"నేను తీసెయ్య అమ్మగారూ."

"నీకేమన్న పిచ్చా? ఆయన వింటడని భయమైతలేదా?"

"అయితుంది. గానీ ఇయ్యాల ఆయన నన్ను ఏమన్న చేస్తే, మాకు తెల్వదనేటోళ్లు సంఘంల ఒక్కరు గూడ మిగలొద్దు."