ఎండ తగలని నల్ల టమాటాలు

ఒర్నెల్లా బుట్ట దించగానే నీవెస్ ఓ టమాటా తీసి అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది. ఇటలీలోని తర్క్వీనియా ఊళ్లో ఆమెది చిన్న భోజన హోటల్.

"ఇదేంటే ఒర్నెల్లా, ఎర్రగా ఉన్నాయి? నాకు నీ నల్లవి కదా కావాలి. ఎర్రవాటికి సంతలో కొదవా?"

"ఈసారి రంగు రాలేదు. ఎందుకో అంతుపట్టడం లేదు."

"మీ తమ్ముడికి అంతుపట్టిందిగా! నువ్వు విత్తనాలు కలిపేసి జాతి చెడగొట్టావట. కాఫీ బార్‌లో అందరి ముందూ చెప్పాడు."

ఒర్నెల్లాకు ఒళ్లు భగ్గుమంది. ఆ నల్ల రకాన్ని ఏళ్ల తరబడి పండు పండూ ఏరి, గింజ ఆరబెట్టి నిలబెట్టింది తను. తమ్ముడు దుయీలియో చూసుకునేది పాలీహౌస్ కమ్మీలూ, పైకప్పూ, నీళ్ల పైపులూ. గింజ మొహం ఎప్పుడైనా చూశాడా వాడు?

అయినా మనసులో ఓ మూల పీకుతూనే ఉంది. నిజంగానే కలిపేశానా? తిన్నగా పాలీహౌస్‌లోని తోటకెళ్లి వరసలన్నీ మళ్లీ చూసింది. ఎక్కడ చూసినా ఎరుపే. తొడిమ దగ్గర మాత్రం కాస్త ఊదా ఛాయ. చిట్టచివర, వడగళ్లకు పైకప్పు ప్లాస్టిక్ చిరిగిన చోటికి వచ్చి ఆగిపోయింది. ఆ చిరుగు కింది కాయలు నేరేడుపళ్లలా నిగనిగలాడుతున్నాయి! ఒకదానికి ఆకు అతుక్కుని ఉంటే పీకి చూసింది. ఆకు ఉన్నంత మేరా పచ్చగా, అచ్చు ఆకు ఆకారంలోనే మచ్చ.

అదే గింజ, అదే మట్టి, అవే నీళ్లు. తేడా అంతా ఎండలోనే ఉంది. తలెత్తి, చలికాలంలో దుయీలియో మార్చిన కప్పు వంక చూసింది.

అతను రాగానే అడిగింది. "ఒరేయ్, ఈ షీటు ఎండలో దేన్ని ఆపుతుంది?"

"కంటికి కనిపించని కిరణాలు ఉంటాయి కదక్కా, వాటిని. అవి లేకపోతే తెల్లదోమకు దారి తెలీదు. పోయినేడు దోమకు సగం తోట పోలేదా?"

"ఆ కిరణాలు తగిలితేనే నా కాయ నల్లబడేది! నాకొక్క మాట చెప్పావా?"

"చెబితే ఒప్పుకుంటావా నువ్వు?"

"సరే. కప్పు వల్లే రంగు రావడం లేదని నీకెప్పుడు తెలిసింది?"

దుయీలియో బూట్ల వంక చూసుకున్నాడు. "తెలియడమంటే... మే నెలలో ఆ చిరుగు కింద చూశాను."

"చూసి కూడా బార్‌లో నా మీద చెప్పావా?"

"అందరూ అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా."

ఒర్నెల్లా కొమ్మలు కోసే కత్తి తీసుకుని నిచ్చెనెక్కి కప్పును బర్రున చీల్చేసింది.

"అక్కా, పిచ్చి పట్టిందా? దిగు! దోమ వస్తుంది!"

"రానీ! దోమ ఎదురుగా వచ్చి కుడుతుంది. నీలాగ వెనకనుంచి కాదు!"

నిచ్చెన జరుపుకుంటూ, చేతులు బొబ్బలెక్కేదాకా చీల్చింది.

పచ్చి కాయలు ఎండ తగిలిన వైపు నుంచి నల్లబడుతూ వచ్చాయి. అప్పటికే పండినవి ఎర్రగానే మిగిలిపోయాయి. దుయీలియో అన్నట్టే దోమ కూడా వచ్చింది. ఆకులు జిగటబారి, పసుపుబారి, చాలా మొక్కలు పీకేయాల్సి వచ్చింది. ఆ మాట వాడు నిజమే చెప్పాడని ఒర్నెల్లాకు తెలుసు. తెలిసినందుకు కోపం ఇంకా పెరిగింది.

నల్ల కాయల బుట్ట ఒకటి నింపి వాడి చేతికిచ్చింది. "బార్‌కి తీసుకెళ్లు. అక్కడే చెప్పు."

వెళ్లి చెప్పాడట. షీటు తనే మార్చానన్నాడట. తప్పంతా అక్క మీదకు ఎందుకు తోశాడో మాత్రం చెప్పలేదట.

తర్వాతి ఏడు ఆమె సముద్రం వైపు చెలకలో, కప్పూ గిప్పూ లేకుండా నారు నాటింది. దుయీలియో పిలవకుండానే వచ్చి నీళ్ల పైపు బిగించాడు. ఒర్నెల్లా బిగించనిచ్చింది. పనయ్యాక వాడు చేతులు తుడుచుకుంటూ ఆమె ఇంటి గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. లోపల కాఫీ పొంగుతున్న వాసన వస్తోంది.

"ఇంకేమైనా చెప్పేదుందా?" అంది.

వాడు తల అడ్డంగా ఊపాడు.

"అయితే వెళ్లు" అని తలుపేసుకుంది.