ఒరిజినల్ బీరువాలో ఉంది

నేను ఒక పల్చటి పుస్తకాన్ని. బూడిదరంగు అట్ట, లోపల రకరకాల భాషల పేజీలు, ఒక ఫోటో, దాని మీద సగం పడీ పడని రబ్బరు ముద్ర. నా పేరు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. పేరు విని ఏదో ఊహించుకోకండి. నేను లైసెన్సును కాను. లైసెన్సులో ఏముందో పరాయిదేశం వాళ్లకు చెప్పే దుబాసీని, అంతే. పక్కన లైసెన్సు లేకపోతే నా మాట ఎవరూ వినరు. నా ఆయుష్షు ఒక్క ఏడాది.

నేను పుట్టింది రవాణా ఆఫీసులో. నా యజమాని కట్టా ప్రభుదాసు, ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు రేపల్లె నుంచి గుంటూరుకు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఊళ్లవాళ్లందరినీ పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ మోసినవాడే గాని, సొంతానికి కారు కొన్న పాపాన పోలేదు. ఆయన కూతురు కెజియా న్యూజిలాండులో చిన్న ఊళ్లో ఉంటుంది. ఆమె భర్త విల్సన్ పాలపొడి ఫ్యాక్టరీలో మెట్ల మీంచి పడ్డాడు. తలకు దెబ్బ. నగరంలో పెద్దాసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఇంటికీ ఆసుపత్రికీ నూట అరవై కిలోమీటర్లు. రోజుకు ఒకే బస్సు, అది వెళ్లేసరికి చూసే వేళ దాటిపోతుంది. కెజియాకు ఇంకా లెర్నర్స్ లైసెన్సే, పక్కన అక్కడి లైసెన్సున్నవాళ్లు లేకుండా నడపకూడదు.

"కారు ఇంటి ముందే ఉంది నాన్నా. నడిపే మనిషే లేడు" అందట ఫోన్లో. ప్రభుదాసు మర్నాడే వీసాకు పెట్టి, నాకోసం వచ్చాడు.

గుమాస్తా నన్ను ఆయన చేతిలో పెడుతూ, "పెద్దాయనా, ఇదొక్కటే చూపిస్తే కుదరదండి. ఒరిజినల్ కూడా ఉండాలి, రెండూ కలిపి" అన్నాడు. ప్రభుదాసు తలూపాడు. మాట విన్న మనిషి ఊపే ఊపు కాదది. ఆయన కళ్లు ఫోను మీద ఉన్నాయి.

మనవాళ్ల పద్ధతి ఒకటి చూసి నాకు నవ్వొస్తుంది. కాగితం ఎంత ముఖ్యమైనదైతే అంత లోపల దాస్తారు. ఒరిజినల్ బీరువాలో, జెరాక్స్ జేబులో. ప్రభుదాసు భార్య సలోమి కూడా అదే చేసింది. లైసెన్సును మళ్లీ పట్టుచీరల మధ్య పెట్టి, లామినేషన్ చేయించిన జెరాక్సును ఆయన పర్సులో పెట్టింది.

"అక్కడ ఎక్కడన్నా పడేసుకుంటే మళ్లీ ఎవరిస్తారండీ? ఇంత పుస్తకం ఇచ్చారుగా, చాలదా?" అంది. ప్రభుదాసు సరేనన్నాడు.

న్యూజిలాండులో స్టీరింగు మనలాగే కుడివైపు, బండ్లు మనలాగే ఎడమవైపు. రెండు రోజులు హాయిగా నడిపాడు. కెజియా భర్త చెయ్యి పట్టుకుని కూర్చునేది, సాయంత్రం తండ్రితో తిరిగొచ్చేది. రెండో రోజు, "ఇన్నేళ్లు బస్సు తోలాను గాని నిన్ను ముందు సీట్లో కూచోబెట్టుకున్నది ఇప్పుడేనమ్మా" అన్నాడు. ఆమె కాస్త నవ్వింది.

మూడో రోజు పొద్దున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. త్వరగా రమ్మన్నారు.

సగం దూరంలో పోలీసులు ప్రతి కారునూ ఆపి చూస్తున్నారు. ప్రభుదాసు నన్ను అందించాడు. పోలీసు ఆమె నన్ను మర్యాదగా తిరగేసి, లైసెన్సు ఏదని అడిగింది. ఆయన జెరాక్స్ తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది.

"అసలుది అడుగుతోంది నాన్నా" అంది కెజియా.

"బీరువాలో ఉందమ్మా" అన్నాడు ప్రభుదాసు.

కెజియా ఆమెకు ఆసుపత్రి సంగతి చెప్పింది. ఆ పోలీసు మంచి మనిషే. ఆయన్ని నడపనిచ్చే వీలు మాత్రం లేదంది. వేరే బండి కోసం వైర్‌లెస్‌లో అడిగింది. అది రావడానికి యాభై నిమిషాలు పట్టింది. అంతసేపూ తండ్రీకూతుళ్లు రోడ్డు పక్క కంచెను పట్టుకుని నిలబడ్డారు. వాళ్లు వెళ్లేసరికి విల్సన్ పోయి ఇరవై నిమిషాలైంది.

నాకేమీ అనిపించలేదు. కాగితానికి అనిపించదు. ప్రభుదాసుకూ ఏమీ అనిపించలేదు, అదే నాకు వింతగా ఉంది. టీ ఇస్తే తాగాడు. సంతకం పెట్టమన్నచోట పెట్టాడు. రాత్రికి సలోమికి ఫోన్ చేసి చావు కబురు చెప్పాడు. ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగి, "బీరువాలో లైసెన్సు పంపించు. ఊరికే, ఇక్కడ ఆఫీసులో చూపించాలంట" అన్నాడు. కెజియా తండ్రి వైపు చూసింది.

సమాధి కార్యక్రమానికి ఎవరో చర్చివాళ్ల కార్లో వెళ్లారు. విల్సన్ పోయిన తొమ్మిదో రోజున లైసెన్సు వచ్చింది. పోలీసు స్టేషన్లో మమ్మల్నిద్దరినీ పక్కపక్కన పెట్టి చూసి, ఇక నడుపుకోవచ్చన్నారు. పదో రోజున విల్సన్ వాచీ, బూట్లు తెచ్చుకోవడానికి అదే దారిలో వెళ్లాం. ఈసారి కెజియా వెనక సీట్లో కూర్చుంది. బస్సులో డ్రైవరు తలపైన ఒక బోర్డు ఉంటుందట, డ్రైవరుతో మాట్లాడరాదని. నూట అరవై కిలోమీటర్లూ ఆ బోర్డు ఉన్నట్టే సాగింది. ప్రభుదాసు ఎక్కడా వేగం పెంచలేదు.

ఇంటికొచ్చాక చాలా రోజులకు, పెట్టె సర్దుతూ సలోమి నన్ను బయటికి తీసింది.

"పనికొచ్చిందా అండీ?"

"వచ్చింది" అన్నాడు ప్రభుదాసు.

"నేను దాచబట్టి ఒరిజినల్ అన్నా దక్కింది. మీ దగ్గరుంటే ఎక్కడో పోగొట్టేవారు" అంది, ముక్కు తుడుచుకుంటూ. ఆ ఏడాది తన చేతిమీదుగా జరిగిన మంచి అదొక్కటే అన్నట్టుంది ఆమె మొహం.

ప్రభుదాసు పర్సులోంచి లైసెన్సు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అవును" అన్నాడు.

మొన్న మార్చితో నా గడువు అయిపోయింది. పట్టుచీరల మధ్య చీకటిగా, చల్లగా ఉంటుంది. పక్కనే ఒరిజినల్. గుమాస్తా చెప్పినట్టే ఉన్నాం, రెండూ కలిపి.