ఆఫీసరు తిన్న ఓళిగలు

తినడానికి తిండి లేదు, మీసాలకు సంపెంగనూనె అని ఊరికే అన్నారా? ఆ సామెత నక్కలదొడ్డిని చూసే పుట్టి ఉండాలి. కుందుర్పికి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరికి వరసగా మూడో ఏడు వాన తప్పింది. అది యాభై రెండో సంవత్సరం. బతికుంటే బలుసాకు తినొచ్చంటారే, ఆ బలుసాకు కూడా కంచెల మీద మిగల్లేదు. జనం చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచుకుని తింటున్నారు. చుట్టుపక్కల ఊళ్లలో సర్కారు గంజి కేంద్రాలు పెట్టింది, ఈ ఊరిని మాత్రం మరిచిపోయింది.

దాంతో దూదేకుల హుస్సేన్ పీరా అర్జీ రాశాడు. ఊళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు అతనొక్కడే. పరుపులు కుట్టించుకునే దిక్కులేక దూదేకే విల్లు అటకెక్కింది, అతనికి మిగిలింది కలమొక్కటే. తాలూకా కచేరి ముందు కూర్చునేవాళ్లు రాసే పద్ధతిలో ‘దివ్యసముఖమునకు’ అని మొదలుపెట్టి, ‘తమ పాదధూళి’ అని ముగించాడు. మధ్యలో, విత్తనానికి సైతం గింజ లేదని రాశాడు. నెల దాటాక విచారణకు ఒక ఆఫీసరు జీపులో దిగాడు.

ఆ రోజే పీరా పాత బొంతలు కుట్టే పని దొరికిందని పక్క ఊరికి పోయాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఊరి చావిడి ముందు విస్తరాకులు కుక్కలు లాగుతున్నాయి. ఆఫీసరు తాంబూలం నములుతూ జీపెక్కుతున్నాడు. ఊరి పెద్ద లింగప్ప చేతులు కట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

“అర్జీ రాసింది నువ్వేనా?” అన్నాడు ఆఫీసరు. “మీరు ఓళిగలనే ఈ బొబ్బట్లలో మా ఇంట్లో పండక్కి కూడా ఇంత నెయ్యి పొయ్యరు. కరువని రాయడానికి నీకు సిగ్గుగా లేదూ?”

జీపు లేపిన దుమ్ములో పీరా అలాగే నిలబడిపోయాడు. ఎవరిని తిట్టాలో తెలియలేదు. గొంతుదాకా మెక్కి కరువు లేదని పోయినవాణ్ణా, వాడికి వడ్డించిన మహానుభావులనా? ఊరికి ఆఫీసరు వస్తే బువ్వ పెట్టకుండా పంపకూడదట. తాతల నాటి నుంచీ వస్తున్న మర్యాదట. పాడు మర్యాద, ఊరి నోట్లో మన్ను కొట్టింది గదా అని పళ్లు కొరికాడు.

ఇంటికి వస్తే కందుల కుండ బోర్లించి ఉంది. రెండు శేర్ల విత్తనం కందులు వేపాకు కలిపి దాచిన కుండ అది. పీరా ఇల్లెగిరేలా అరిచాడు. భార్య జుబేదాబీ అతను అరిచినంతసేపూ అరవనిచ్చింది. లింగప్ప స్వయంగా వాకిట్లోకొచ్చి చెయ్యి చాపితే లేదని ఎట్లా అనేదని అడిగింది. తర్వాత నెమ్మదిగా అంది:

“విత్తనం గూడా లేదని నువ్వే గదా రాస్తివి. అప్పుడు మన కుండలో రెండు శేర్లు ఉండాది. ఇప్పుడు నువ్వు రాసింది నిజమైనాది, పో.”

ఆ మాట అతనికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. తను రాసింది అబద్ధం, ఊరు వడ్డించింది అబద్ధం. రెండు అబద్ధాల నడుమ ఆఫీసరు హాయిగా భోంచేసి పోయాడు. రాత్రంతా కోపంతో పొర్లాడి, తెల్లారి పక్కింటి నల్లమ్మ నుంచి మొదలుపెట్టి, ఎవరు ఏమిచ్చారో అడుగుతూ గడపగడపా తిరిగాడు. మధ్యాహ్నానికి మళ్లీ కాగితం పట్టుకుని చావిట్లో కూర్చున్నాడు. ఈసారి దివ్యసముఖమూ లేదు, పాదధూళీ లేదు.

‘మీ ఆఫీసరు తిన్న కోడి నల్లమ్మది. ఆమెకు ఉన్నది ఆ ఒక్క కోడే. దాని గుడ్లు ఇచ్చి ఉప్పు తెచ్చుకునేది. ఓళిగల పూర్ణంలోకి పోయినవి నా ఇంటి విత్తనం కందులు. రేపు వాన పడినా నా చేనులో కంది మొలవదు.’ ఇలా ఏ ఇంటి నుంచి ఏం వచ్చిందో, అది పోయాక ఆ ఇంట్లో ఏం మిగిలిందో వరసగా రాసుకుంటూ పోయాడు.

సంగతి తెలిసి లింగప్ప కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. చుట్టూ జనం మూగారు.

“ఏమప్పా పీరా, కడుపు చించుకుంటే కాళ్లమీద పడతాది. ఊరి మానం కచేరీలో ఆరేస్తావా? ఆ కాగితం ఇట్ల తే, చించేస్తా.”

“చించు మామా,” అన్నాడు పీరా. “చించేముందు ఒక్కసారి విను.”

చదివాడు. కోడి, కందులు, బెల్లం, నెయ్యి. ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా ఆ పేరు గలవాళ్లు తల దించుకున్నారు. చివరికి, ‘బియ్యం లింగప్ప ఇంటివి. ఆయన ఇంట్లో ఇంకా ఉన్నాయి’ అని చదివాడు. నిన్న ఆయన అందరితో చెప్పిన మాట అదే.

లింగప్ప కర్ర పక్కన పెట్టి పీరా ఎదురుగా కూలబడ్డాడు.

“అది కొట్టేయప్పా,” అన్నాడు. “మా ఇంట్లో బియ్యం చూసి యాడాదైనాది. నాగలి కర్రు అంగడోనికిచ్చి తెచ్చినా. అది రాసుకో.”

కర్రు ఇచ్చేసిన రైతు ఇక దేనితో దున్నుతాడు? పీరా కొట్టేసి రాశాడు. లింగప్ప అందరికంటే ముందు వేలిముద్ర వేశాడు. వెనకే నల్లమ్మ వేసింది, ఆ తర్వాత ఊరంతా వేసింది.

ఇరవై రోజులకు ఇంకా పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఆ కాగితం అతని చేతిలోనే ఉంది. వెంట వచ్చిన గుమాస్తా అలవాటు ప్రకారం లింగప్పను పక్కకు పిలిచి, దొరగారి భోజనం సంగతేమిటని అడిగాడు. జనమంతా లింగప్ప వైపు చూశారు. ఆయన గుమాస్తాను వదిలి ఆఫీసరు ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

“మా ఊర్లో ఉన్నదంతా పోయినసారి వచ్చిన సారు తినేసినాడు సామీ. ఈసారి మీరే మాకింత గంజి పొయ్యల్ల.”

ఆఫీసరు జీపు మీద కాగితం పెట్టి, ఎల్లుండి నుంచి గంజి పొయ్యమని రాసిచ్చాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. జుబేదాబీ పీరా వైపు చూసి నవ్వింది. పీరా నవ్వలేకపోయాడు. తన కోసం ఎన్నడూ ఎవరినీ చెయ్యి చాచి అడగని ముసలాయన తన ఆకలి తన నోటితో చెప్పుకుంటే గానీ సర్కారుకు కరువు కనపడలేదు. ఆ కోపం అతనికి గంజి తాగినా తగ్గలేదు, బతికున్నన్నాళ్లూ తగ్గలేదు.