గోడ వైపు తిరిగిన దెయ్యం పిల్ల

పొద్దున్నే లేచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించి, స్టూడియోకి చేరేదాకా ఎవరితోనూ పలక్కపోవడం చిన్నగొంతుకి అలవాటు. ఆమెది డబ్బింగ్ పని, ఆ పేరు స్టూడియోవాళ్ళు పెట్టిందే. ఇన్నేళ్ళుగా ఏడ్చే పసిపిల్లలకీ, రైలెక్కే గుంపులకీ, ఒకసారి గోడ దూకే పిల్లికీ గొంతిచ్చింది. కూతురు నోరు తెరవదు కాబట్టి ఆ కాసేపూ ఇంట్లో అమ్మదే రాజ్యం. ఆవేళ కూడా అన్నం డబ్బా మూత బిగిస్తూ పాత పాటే ఎత్తుకుంది.

"నిన్ను ఒక్కసారి చూసి ఎవరూ ఇష్టపడరే. రెండోసారి చూస్తే వదలరు. ఆ రెండోసారి దాకా ఎవరాగుతారు చెప్పు?"

అసలే బెదిరిపోయి ఉన్న మనిషికి అనాల్సిన మాటేనా అది? మొదటిసారి ఆమెకి హీరోయిన్ వేషం తగిలింది. యానిమే అనే జపాను బొమ్మల సిరీస్. అద్దె తక్కువని ఒక కుర్రాడు గది తీసుకుంటాడు. అందులో ముందు నుంచే ఒక దెయ్యం పిల్ల కాపురముంటుంది. తలుపులు దడదడలాడిస్తుంది, లైట్లు ఆర్పేస్తుంది. వాడు జడవడు సరికదా, కరెంటు ఖర్చు కలిసొచ్చిందని సంతోషిస్తాడు. చివరికి బెదరగొట్టబోయిన పిల్లే వాడి మీద మనసు పారేసుకుంటుంది. సిగ్గు ముంచుకొచ్చినప్పుడల్లా ఒళ్ళు పలచబడి వెనక గోడ కనిపిస్తుంది. అంతే కథ. పెద్దగా జరిగేదేమీ లేదు, ఆ పిల్ల నచ్చితే చూస్తారు, లేకపోతే లేస్తారు అని డైరెక్టరమ్మ మొదటిరోజే తేల్చేసింది. సాయంత్రం ఈ సిరీస్ కొన్న కంపెనీవాళ్ళు వచ్చి మొదటి ఎపిసోడ్ చూస్తారు. వాళ్ళకి నచ్చకపోతే గొంతు మారిపోతుంది. చూడగానే నచ్చడమనేది చిన్నగొంతు జాతకంలోనే లేదాయె.

ఆ స్టూడియోలో తెరమీది బొమ్మలు గొంతు నచ్చితేనే నోరు విప్పుతాయి. కొన్ని మంచి బొమ్మలు మొహమాటానికైనా పెదాలు కదుపుతాయి. ఆ మధ్య ఒక రాక్షసుడు మాత్రం తనకి చెప్పే ఆయన జలుబు తగ్గేదాకా అలిగి కూర్చున్నాడు. అందుకే దెయ్యం పిల్ల చివరి సీను దగ్గర గోడ వైపు తిరిగి కూర్చుంటే ఎవరూ వింతపడలేదు. డైరెక్టరమ్మ టైము చూసుకుంది. బయట గదిలో ఎప్పుడూ హీరోయిన్లకే చెప్పే ఆవిడ మెడకి మఫ్లర్ చుట్టుకుని, పిలుపు కోసం సిద్ధంగా కూర్చుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ మఫ్లర్ కనిపించి చిన్నగొంతు చదువుతున్న లైను తప్పిపోతోంది.

వీటన్నిటికీ తోడు అద్దం అవతల వన్‌మోర్. ఆయన సౌండ్ ఇంజినీర్. ఎంత బాగా చెప్పినా "వన్ మోర్" అనందే వదలడు కాబట్టి అదే పేరైపోయింది. తన గొంతంటే ఆయనకి గిట్టదని ఆమె నమ్మకం. పోనీ అని ఊరుకోగలదా అంటే అదీ లేదు. సెలవురోజున ఆ మాట చెవిన పడక పొద్దుపోదు. ఈ సంగతి ఆమె అమ్మకి కూడా చెప్పలేదు.

తీపిగా చెప్పి చూసింది, గారంగా చెప్పి చూసింది, గొంతులో కన్నీళ్ళు కలిపి చూసింది. దెయ్యం పిల్ల వీపు కదల్లేదు. ఎవరో హీరోయిన్‌లా చెప్తున్నావు అమ్మాయ్, ఈ పిల్ల హీరోయిన్ కాదు, ఒంటరిది అని డైరెక్టరమ్మ విసుక్కుంది. ఇంతలో కంప్యూటర్ మొండికేసి, ముందే రికార్డు చేసిన కుర్రాడి గొంతు హెడ్‌ఫోన్స్‌లోకి రావడం మానేసింది. ఆ ఒక్క ముక్కా నువ్వే చదివెయ్యి నాయనా అని డైరెక్టరమ్మ వన్‌మోర్‌ని పురమాయించింది.

ఆయనకి నటన ఎక్కడొచ్చు? గొంతు సవరించుకుని, కాగితం చూసి చదివాడు.

"నేను గది ఖాళీ చేస్తున్నానండీ. రేపట్నుంచి మీకు నా గోల ఉండదు."

ఆ మాట చిన్నగొంతుకి సూటిగా తగిలింది. ఆమె చెప్పాల్సింది చిన్న ముక్క, "పోతే పొండి. లైటు మాత్రం ఆర్పకండి." నోరు పెగల్లేదు. ఇక అయిపోయింది, మఫ్లరావిణ్ణి పిలుస్తారు అనుకుని కళ్ళు మూసుకుంది.

అప్పుడు తెరమీద దెయ్యం పిల్ల మెల్లిగా ఇటు తిరిగింది. చిన్నగొంతుని చూడలేదు. ఆమె భుజం మీదుగా, అద్దం అవతల ఉన్న వన్‌మోర్‌ని చూసింది. చిన్నగొంతు పెదాలు మూసే ఉన్నాయి. దెయ్యం పిల్ల నోరు విప్పింది. వచ్చింది చిన్నగొంతు గొంతే, ఇంట్లో అమ్మతో మాట్లాడే సన్నటి అసలు గొంతు.

"వెళ్ళండి. కానీ మీరు వెళ్తే నన్ను వన్ మోర్ అని ఎవరడుగుతారు? ఎవరైనా ఒక్కసారి విని సరే అనేస్తారు, లేదా వద్దంటారు. రెండోసారి అడిగింది మీరొక్కరే."

చిన్నగొంతుకి నేలలోకి దిగిపోదామనిపించింది. డైరెక్టరమ్మ కాగితాలు తిరగేసి, పెదాలకి బాగానే కుదిరింది గానీ ఇది కథలో లేదు, ఇదే గొంతుతో కథలో ఉన్నది చెప్పు అంది. దెయ్యం పిల్ల ఇటే తిరిగి ఎదురుచూస్తోంది.

"పోతే పొండి," అంది చిన్నగొంతు తన గొంతుతో. "లైటు మాత్రం ఆర్పకండి."

దెయ్యం పిల్ల పెదాలు మాటతోపాటే కదిలాయి. చెప్పి, అలవాటు ప్రకారం ఆ రెండు ముక్కల కోసం బిగుసుకుని నిలబడింది. హెడ్‌ఫోన్స్‌లో ఊపిరి వినిపించింది. ఆ తర్వాత ఆయన చాలా నెమ్మదిగా, ఓకే అన్నాడు. ఆ స్టూడియోలో వన్ మోర్ అనకుండా ఆయన ఓకే అనడం ఎవరూ వినలేదు.

సాయంత్రం కంపెనీవాళ్ళు వచ్చారు. సగం సేపు ఫోన్లే చూసుకున్నారు. చివరి సీనుకి వాళ్ళలో పెద్దాయన తలెత్తి, ఇది ఇంకోసారి వెయ్యమన్నాడు. రెండోసారి అందరూ చూశారు. బయట మఫ్లరావిడ సంచీ సర్దుకుని, వెళ్తూ వెళ్తూ చిన్నగొంతు భుజం తట్టింది.

టీ కొట్టు ముందు వన్‌మోర్ రెండు కప్పులతో ఆమె పక్కన నిలబడ్డాడు. పగలంతా పడ్డ భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఈసారి తెర లేదు, చెప్పిపెట్టడానికి దెయ్యం పిల్ల లేదు. కప్పులోకి చూస్తూ, మాటలు మింగుతూ, తడబడుతూ, మధ్యలో దగ్గుతూ ఎలాగోలా తన మనసులో ఉన్నది చెప్పింది. సగం ఆమెకే వినపడలేదు. అంతా పాడుచేసుకున్నానని తల వంచుకుంది.

ఆయన కప్పు పక్కన పెట్టాడు.

"వన్ మోర్," అన్నాడు.