ఉల్లిపాయల ఎరుపు

వంటవాడి కళ్లు ఎర్రగా ఉంటే ఎందుకని ఎవరూ అడగరు. ఆ శనివారం పొద్దున అద్దె కిచెన్‌లో గుత్తివంకాయ కూరకి ఉల్లిపాయలు తరుగుతూ శశికాంత్ దగ్గాడు, ముక్కు చీదుకున్నాడు, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయలే అనుకున్నాడు. పోపు ఘాటనుకున్నాడు. బయట మంచు, లోపల పొయ్యి సెగ, జలుబు చేయక ఏం చేస్తుందని కూడా అనుకున్నాడు. ఒక్క సంగతి మాత్రం అనుకోలేదు. అది అనుకోకుండా ఉండడానికే కొద్ది రోజులుగా తంటాలు పడుతున్నాడు.

ఆ రోజు అతని తోడల్లుడు అనూప్ కొడుకు అద్వైత్‌కి అన్నప్రాశన.

అనూప్ డాక్టరు. మామూలు డాక్టరైతే శశికాంత్ ఎలాగో సర్దుకునేవాడు. అతను కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో అంటురోగాల డాక్టరు. చుట్టుపక్కల ఏ వైరస్ తలెత్తినా అతని మొహం టీవీలో కనపడుతుంది. అమెరికాలో వాళ్లుండే నోవై ఊళ్లో ఎవరింటి ఫంక్షన్‌కి వెళ్లినా జనం అతని చుట్టూ ప్లేట్లు పట్టుకుని మూగుతారు. ఆ ప్లేట్లలో ఉన్నది శశికాంత్ వంట. తింటున్నదీ అదే. కళ్లు మాత్రం అనూప్ మీద. ఆఖరికి శశికాంత్ కన్నకూతురు హంసిక కూడా కాలేజీ అప్లికేషన్‌కి రాసిన వ్యాసంలో బాబాయ్‌ని ఆకాశానికెత్తింది. నాన్న గురించి ఒక వాక్యం రాసిందట, వంట బాగా చేస్తాడని.

తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడి గురించి ఇంకేం రాస్తుంది. మేనమామ మాట ఇచ్చాడు కాబట్టి ఆయన పెద్దకూతురు వసుమతి అతన్ని చేసుకుంది. చేసుకున్నాక ఎమ్మెస్ చదవడానికి ఇక్కడికి వచ్చి ఉద్యోగంలో కుదురుకుంది. ఆమె వెనకాలే డిపెండెంట్ వీసా మీద ఇతను దిగాడు. ఆమె చెల్లెలు విద్య విషయంలో ఎవరూ ఎవరికీ మాట ఇవ్వలేదు. తన మనిషిని తనే వెతుక్కుంది. వెతుక్కుంటే డాక్టరే దొరికాడు.

అయితే అన్నప్రాశనలో అనూప్‌కి దక్కనిది ఒకటుంది. ఉంగరంతో పరమాన్నం తీసి బిడ్డ నాలిక మీద పెట్టే మొదటి ముద్ద వాళ్లింట్లో మేనమామది. అక్కాచెల్లెళ్లకి అన్నదమ్ములు లేరు. చిన్నప్పుడు సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లిన బావే పెట్టాలని విద్య పట్టుబట్టింది. పీటల మీద శశికాంత్ కూర్చుంటాడు, పక్కన గిన్నె పట్టుకుని అనూప్ నిలబడతాడు. ఆ బొమ్మ శశికాంత్ కళ్లలో నెల రోజులుగా ఆడుతోంది. తను కూర్చోవడం కన్నా అతను నిలబడడమే ఎక్కువ బాగుంది అందులో.

ఆ బొమ్మ చెడిపోకూడదనే ఒక విషయం దాచాడు.

రెండు వారాల కిందట ఊరి బాంక్వెట్ హాల్లో ఒక పెద్ద పుట్టినరోజు జరిగింది. ఆర్డర్ శశికాంత్‌కి రావలసింది, పక్క ఊరు కేంటన్ నుంచి వేరే క్యాటరింగ్ వాళ్లు ఎగరేసుకుపోయారు. అంతకు ముందు వారం ఆ హాల్లోనే వదిలేసిన తన ఇత్తడి గుండిగ తెచ్చుకునే వంకతో, పార్టీ ముగిశాక వెళ్లాడు. అతిథులు అప్పటికే వెళ్లిపోయారు. ఖాళీ హాల్లో నిలబడి, మిగిలిన ట్రేలు ఒక్కొక్కటీ మూత తీసి, వాళ్ల పులిహోర రుచి చూశాడు, వాళ్ల పన్నీర్ రుచి చూశాడు. తన చేతిరుచికి ఆమడ దూరంలో ఉందని తీర్పు చెప్పుకుని, కడుపు చల్లబడి ఇంటికి వచ్చాడు. ఈ సంగతి పెళ్లాంతో కూడా చెప్పలేదు. పక్కవాడి ఎంగిలి ట్రేలు మూత తీసి చూశానని ఎవడు చెప్పుకుంటాడు.

తర్వాత కొన్ని రోజులకి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో అనూప్ గొంతు వినపడింది. ఆ పార్టీకి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒకాయనకి మీజిల్స్, అంటే తట్టు, అని తేలిందట. అనూప్ పిల్లలకి పాఠం చెప్పినట్టు నిదానంగా వివరించాడు. ఇరవై ఐదేళ్ల కిందట ఈ దేశంలో తట్టు పోయిందని ప్రకటించారు. పోయిందంటే చచ్చిందని కాదు, ఇక్కడ దానికి నిలవ నీడ లేకుండా చేశామని. బయట నుంచి ఎవరో ఒకరు మోసుకొస్తూనే ఉంటారు. నూటికి తొంభై అయిదు మందికి టీకా ఉంటే వచ్చింది వచ్చినట్టే ఆరిపోతుంది. ఆ లెక్క తగ్గిన చోట, టీకా లేనివాణ్ణి వెతుక్కుంటూ మళ్లీ రాజుకుంటుంది. పసిపిల్లలకైతే ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి దిగుతుంది, ప్రాణాలు తీస్తుంది. రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గదిలో గాలిలోనే వేలాడుతుంది. కాబట్టి పార్టీ తర్వాత హాల్లోకి వెళ్లినవాళ్లు కూడా దయచేసి ఫోన్ చేయండి, అన్నాడు.

శశికాంత్ ఆ మెసేజ్ రెండుసార్లు విని డిలీట్ చేశాడు.

వసుమతికి యూనివర్సిటీలో చేరేటప్పుడే టీకాలు వేశారు. హంసికకి బడివాళ్లు వేయించారు. శశికాంత్‌ని మాత్రం ఎవరూ అడగలేదు. గ్రీన్‌కార్డ్ మెడికల్‌కి వెళ్తే అడిగేవాళ్లు, కానీ వాళ్లింకా ఆ లైన్‌లోనే ఉన్నారు. ఊళ్లో చిన్నప్పుడు వేశారో లేదో చెప్పడానికి అమ్మ లేదు. ఫోన్ చేస్తే ఎత్తేది అనూప్ ఆఫీసు. అనూప్ తిట్టడు. మెత్తగా, ఫర్వాలేదు అన్నయ్య గారూ, చాలామందికి తెలియదు, అంటాడు. ఆ మెత్తదనాన్ని తలుచుకుంటేనే శశికాంత్‌కి ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది. పైగా ఇంట్లోంచి కదలొద్దంటాడు. మొదటి ముద్ద తనే పెట్టేస్తాడు. ఖాళీ హాల్లో ఎవరున్నారు గనక, ఏ రోగి ఎదురుపడ్డాడు గనక, అని శశికాంత్ తనకి తనే నచ్చచెప్పుకున్నాడు.

గిన్నెలన్నీ వ్యాన్‌లోకి ఎక్కించేసరికి ఒళ్లు సలసల కాగుతోంది. సాయం పట్టడానికి వచ్చిన హంసిక తండ్రి మొహంలోకి చూసింది.

"నాన్నా, నీ కళ్లు చాలా రెడ్ ఉన్నాయి. ఆర్ యూ ఓకే?"

"ఉల్లిపాయలమ్మా."

"పాయసంలో ఆనియన్స్ ఉండవు కదా" అని నవ్వి, అమ్మ కార్ ఎక్కేసింది.

శశికాంత్ వెనకాలే వ్యాన్ డ్రైవ్ చేశాడు. దారంతా దగ్గుతూనే ఉన్నాడు. ఎర్ర లైటు దగ్గర ఆగి అద్దంలో చూసుకుంటే చెవుల వెనక ఏదో మచ్చలా కనిపించింది. టోపీ కిందికి లాక్కున్నాడు.

అనూప్ ఇంటి ముందు మంచు ఎత్తి దారి శుభ్రంగా చేసి ఉంది. అదీ అతనే చేసుకుని ఉంటాడు, ఏ పనిలోనూ వంక పెట్టనివ్వడు. వ్యాన్ ఆగగానే శశికాంత్ గిన్నెల సంగతి కేకేసి చెబుదామని అద్దం దించాడు. అప్పటికే తలుపు తీసుకుని విద్య బయటికి వచ్చేసింది. చంకలో అద్వైత్. పట్టు లాల్చీ, బుగ్గన చుక్క. బిడ్డకి చలి వేస్తుందని వెనక నుంచి ఎవరో అంటున్నా వినకుండా నవ్వుతూ వ్యాన్ వైపు వస్తోంది.

"బావా, నీ దగ్గరికి వస్తానని ఒకటే గొడవ వీడు. ఇదిగో, పట్టుకో ముందు."

బిడ్డ రెండు చేతులూ చాచాడు. శశికాంత్ గొంతులో దగ్గు అడ్డం పడింది. పీటలు, ఉంగరం, గిన్నె పట్టుకుని నిలబడ్డ అనూప్, అన్నీ అక్కడే ఉన్నాయి, తలుపు తీయడమే తరువాయి. అతని వేలు బటన్ మీదికి వెళ్లింది. అద్దం సర్రున పైకి లేచి, విద్య ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే మూసుకుంది. ఆ తర్వాత, అద్దం లోపల, వంగిపోయి దగ్గాడు.

విద్య మొహం వాడిపోయింది. గుమ్మంలో చుట్టాలు చూస్తున్నారు. వసుమతి కార్ దిగి పరుగులాంటి నడకతో వస్తూ, ఏమండీ, ఇదేం పని, అంటోంది. వాళ్లని దూరం పొమ్మని చేత్తో సైగ చేసి, శశికాంత్ ఫోన్ తీశాడు. తనంతట తానుగా అనూప్‌కి ఫోన్ చేయడం అదే మొదలు.

అనూప్ మాస్క్ పెట్టుకుని వచ్చాడు. విద్యని, బిడ్డని లోపలికి పంపి, మంచులో వ్యాన్‌కి ఎడంగా నిలబడి ఫోన్‌లోనే మాట్లాడాడు. జ్వరం ఎప్పటి నుంచి, మచ్చలు ఎక్కడ మొదలయ్యాయి, ఎవరెవరిని కలిశారు అని వరసగా అడిగాడు. శశికాంత్ చెప్పాడు. హాల్ సంగతి చెప్పాడు, పక్కవాళ్ల ట్రేల సంగతి కూడా చెప్పాడు.

"నేను పెట్టిన మెసేజ్ విన్నావా?"

"విన్నా. రెండుసార్లు."

"విని వచ్చావా? వాడికి ఆరు నెలలు నిండాయని ఎల్లుండి సోమవారం టీకా వేయిద్దామనుకున్నాం. ఇంకా వేయలేదు. అది తెలిసి కూడా విద్య చేతిలోంచి వాణ్ణి ఎత్తుకుందామని వచ్చావా? సిగ్గు లేదా నీకు?"

గారు ఎగిరిపోయింది. అన్నయ్య కూడా ఎగిరిపోయింది. మాస్క్ పైన అనూప్ కళ్లు తనవాటి కన్నా ఎర్రగా ఉన్నాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను శశికాంత్‌తో సాటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడడం ఇదే మొదటిసారి. తిట్టు తగలవలసిన చోటే తగిలింది. అయినా ఆ నొప్పి కింద ఎక్కడో, ఇప్పటికి ఇద్దరం ఒకే ఎత్తున నిలబడ్డాం అన్నట్టుగా కూడా ఉంది.

"ఎత్తుకోలేదుగా" అన్నాడు శశికాంత్.

"ఎత్తుకోలేదు" అన్నాడు అనూప్, ఊపిరి వదిలి. ఆ తర్వాత గొంతు మళ్లీ డాక్టరు గొంతయిపోయింది. నేరుగా ఆస్పత్రి లోపలికి వెళ్లొద్దని, తను ఫోన్ చేసి చెబితే పక్క గుమ్మం దగ్గరికి నర్స్ వస్తుందని, అప్పటిదాకా వ్యాన్ దిగొద్దని చెప్పాడు. బిడ్డకి ఆ మధ్యాహ్నమే టీకా వేయిస్తానన్నాడు. కిచెన్‌లో పనిచేసినవాళ్ల పేర్లు తీసుకున్నాడు. వంట పారేద్దామా అని శశికాంత్ అడిగితే, తట్టు తిండితో అంటదని అనూప్ తల అడ్డంగా ఊపాడు. వ్యాన్ వెనక తలుపు తీసి, గిన్నెలు తనే ఒక్కొక్కటీ దింపి, ఇంటి ముందు మంచులో వరసగా పెట్టాడు. గిన్నెలు మోస్తున్న అనూప్‌ని శశికాంత్ అద్దంలో చూశాడు. కోరుకున్న బొమ్మే, కాకపోతే పీటలు లేవు.

ఆస్పత్రి పక్క గుమ్మం ఎదురుగా వ్యాన్‌లో కూర్చుని ఉండగా వసుమతి ఫోన్ చేసింది. నిన్ను ఏమనాలో తెలియడం లేదంది. బిడ్డకి సూది వేయించి తీసుకొచ్చారంది, భయం లేదనే అనూప్ అంటున్నాడంది. హంసిక ఏడ్చిందంది. పాయసం వేడి చేసి, అన్నప్రాశన కూడా కానిచ్చేశారంది.

శశికాంత్ అన్నిటికీ ఊ కొట్టాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"మొదటి ముద్ద ఎవరు పెట్టారు?"

"అనూపే."

చల్లబడిందనుకున్నది కడుపులో మళ్లీ భగ్గుమంది. జ్వరం మీద జ్వరం.

"వెంటనే ఉమ్మేశాడులే" అంది వసుమతి. "వాళ్ల నాన్న పట్టు లాల్చీ అంతా పాడుచేశాడు. రెండోసారి నేను పెడితే మింగాడు."

శశికాంత్ నవ్వబోయి దగ్గాడు. పక్క గుమ్మం తెరుచుకుంది. మాస్క్ పెట్టుకున్న నర్స్ అద్దం దగ్గరికి వచ్చి, కళ్లు ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయని ఇంగ్లీషులో అడిగింది. ఉల్లిపాయలన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగి, ఉన్నదున్నట్టు చెప్పాడు.