అయిదో అంతస్తుకి ఎవరు వెళతారు

మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య మెట్ల మలుపులో వదిన కనిపించింది. ఆమె నడిచి దిగడం లేదు, కూర్చుని దిగుతోంది. ఒక మెట్టు మీద చతికిలబడి, రెండు చేతులూ పక్కన ఆనించి, కింది మెట్టు మీదికి జారుతోంది. మోచేతి మడతలో తెల్ల పట్టీ, దాని మీద గోరంత ఎర్ర మరక.

గ్రీజు డబ్బా పట్టుకుని మెట్లెక్కుతున్న లిఫ్టు మెకానిక్ అక్కడే ఆగిపోయాడు. ఆ ఆసుపత్రిలో అతని అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. వెనక జేబులోంచి ఎప్పుడూ ఒక పానా పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి అందరికీ పానాయన. వదినకి మాత్రం మరిదే.

"ఏంటి వదినా ఇది?"

"కనిపించట్లా? జారుడుబల్ల ఆడుకుంటున్నా."

"లిఫ్టులున్నాయి కదా."

"ఉన్నాయంటారు. ముప్పావు గంట చూశా. నిలబడలేక కూర్చున్నా, కూర్చోలేక బయల్దేరా. నీ నాలుగు లిఫ్టుల్లో ఒక్కదానికీ నా మీద మనసు లేదు మరిదీ."

పానాయన డబ్బా కింద పెట్టి ఆమెని లేవదీశాడు. ఆమె అరచేతులకి మెట్ల మీది మట్టి అంటుకుంది. ఆ మలుపులో గోడ వారన ఎవరెవరో ఉమ్మిన ఉమ్ములు ఎండిపోయి చారలు కట్టాయి. ఆమె ఆ చారల మీదుగానే జారుకుంటూ వచ్చింది.

అన్న పోయిన ఏడాదికే వదినకి మూత్రపిండాలు చెడ్డాయి. రెండేళ్ళుగా వారానికి మూడు రోజులు అయిదో అంతస్తుకి వస్తుంది. తెల్లవారుజామున అయిదున్నరకి సూదులు గుచ్చి యంత్రానికి కడితే తొమ్మిదిన్నరకి విప్పుతారు. ఒంట్లో రక్తమంతా బయటికి పోయి కడిగించుకుని వచ్చేసరికి కాళ్ళు తడిగుడ్డల్లా అయిపోతాయి.

ఆ ఉదయమే పానాయన నాలుగు లిఫ్టులూ చూశాడు. తీగలు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి. మూడు నెలల కిందట ఒక కంపెనీ వాళ్ళు వాటికి కొత్త కంప్యూటరు బుర్ర పెట్టారు. ఏ లిఫ్టు ఏ అంతస్తుకి ఎప్పుడు పోవాలో ఇప్పుడు ఆ బుర్రే తేలుస్తుంది. కింది హాల్లో ఒక తెర వేలాడదీసి, లిఫ్టు కోసం జనం సగటున ఇరవై రెండు సెకన్లే ఆగుతున్నారని పచ్చటి అక్షరాలతో చూపిస్తున్నారు. ఇంకో పది రోజుల్లో పరీక్ష గడువు అయిపోతుంది. మెకానిక్‌గా పానాయన సంతకం పెడితే ఆ బుర్ర పదేళ్ళు అక్కడే ఉంటుంది.

వదినని కిందికి దించి, బండెక్కించి, అతను అయిదో అంతస్తుకి నడిచి వెళ్ళాడు. లిఫ్టుల ముందు ఏడుగురున్నారు. ఇద్దరు చక్రాల కుర్చీల్లో, ఒకామె నేల మీద గోడకి తల ఆనించి. మీట ఎర్రగా వెలుగుతోంది. తలుపుల పైన అంకెలు మారుతున్నాయి. నాలుగు, ఆరు, ఏడు. మళ్ళీ ఆరు, నాలుగు. అయిదు దగ్గర ఏ లిఫ్టూ నిలబడలేదు. కాసేపటికి మీటలో ఎరుపు దానంతటదే ఆరిపోయింది. కుర్చీలో ఉన్న ముసలాయన చేతికర్రతో దాన్ని మళ్ళీ పొడిచాడు.

"రోజూ ఇంతేనా?" అని హెడ్‌నర్సుని అడిగాడు.

"ఇంతే. నడవగలిగినవాళ్ళు మెట్లు దిగిపోతారు. లేనివాళ్ళని వార్డుబాయిలు మోస్తారు, దొరికితే."

"ఎవరికీ చెప్పలేదా?"

"డాక్టరుగారు చెప్తారనుకున్నా. ఆయనేమో పై ఆఫీసుకి తెలిసే ఉంటుందనుకున్నారు. అయినా లిఫ్టులు చూసేది మీరేగా. మీకు తెలీదా?"

పానాయన పానా తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

కంపెనీ తరఫున ఒక ఇంజనీరమ్మ పై అంతస్తులో మోటార్ల గది పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. నలభై ఏళ్ళ మనిషి, మంచిదే. పానాయన మాట పూర్తిగా విని, తెరని అతని వైపు తిప్పింది.

"ఒక్కో లిఫ్టుకీ మార్కులుంటాయి పెద్దాయనా. ఎక్కువమందిని త్వరగా చేరిస్తే పెరుగుతాయి, ఆలస్యం చేస్తే తగ్గుతాయి. అయిదులో చక్రాల కుర్చీలు ఎక్కేసరికి తలుపు నిమిషం మూసుకోదు. వెళ్ళిన లిఫ్టుకి మార్కులు పోతాయి. పక్క లిఫ్టు వెళ్తే దీనికి పోవు. అందుకని ప్రతీదీ పక్కది వెళ్తుందిలే అని చూస్తుంది."

"నాలుగూ అలాగే చూస్తే?"

"అదే జరుగుతోంది. నాలుగూ తెలివైనవే. అందుకే ఏదీ వెళ్ళదు."

"మరి ముప్పావు గంట నిలబడ్డవాళ్ళు? ఇరవై రెండు సెకన్లని కింద రాశారు కదా."

"రెండు నిమిషాలు దాటితే మనిషి వెళ్ళిపోయినట్టు లెక్క. మీట ఆరిపోతుంది. ఎక్కినవాళ్ళ సగటే తీస్తాం."

"వెళ్ళిపోయిన మనిషి మెట్ల మీద దేకుతోందమ్మా."

"దానికి మెట్లు కనిపించవు" అని ఆమె తల దించుకుంది.

పానాయనకి తాముండే వాటాల ఇల్లు గుర్తొచ్చింది. ఒకసారి మెట్ల కింద ఎలుక చచ్చింది. నాలుగు వాటాలవాళ్ళూ ముక్కు మూసుకుని దాని పక్కనుంచే వెళ్ళారు, వచ్చారు. ఎవరో ఒకరు తీస్తారులే అని తనూ అనుకున్నాడు. అయిదో రోజున అది ఉబ్బి పగిలింది. అయినా అది మనుషుల రోతే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇనప పెట్టెలు కూడా ముక్కు మూసుకోవడం నేర్చుకుంటాయని అతనికి తెలియదు.

"సరిచేస్తాలెండి. అయిదుకి వెళ్ళిన లిఫ్టుకి ఎక్కువ మార్కులు వేస్తాను. పరుగెత్తుకుంటూ వస్తాయి" అంది ఇంజనీరమ్మ.

నిజంగానే పరుగెత్తుకుంటూ వచ్చాయి. రెండు రోజుల తర్వాత పానాయన అక్కడ నిలబడి చూశాడు. నాలుగు తలుపులూ ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. వదిన కుర్చీ కదిలేలోపే టకటకా మూసుకున్నాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ మూసుకున్నాయి. అయిదుకి వస్తే చాలు మార్కులు పడతాయి, ఎక్కించుకోమని ఎవరూ చెప్పలేదు. తొందరపడి కర్ర అడ్డం పెట్టిన ముసలాయన కర్రని తలుపు రెండుసార్లు కొరికింది.

"బాగుంది మరిదీ, మొహం చూపించి పోతున్నాయి. పరామర్శకొచ్చిన చుట్టాల్లా" అంది వదిన.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పానాయనకి నవ్వు రాలేదు. ఆ తలుపుల్ని చూస్తుంటే పళ్ళికిలించి దగ్గరికొచ్చి, పని చెప్పగానే చల్లగా జారుకునే మనుషులు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. తిన్నగా పైకి వెళ్ళాడు.

"ఇంత పాడుబుద్ధి దీనికి ఎవరు నేర్పారమ్మా?"

ఇంజనీరమ్మ కుర్చీ చూపించి కూర్చోమంది. "నేనూ అదే వెతికాను. దీనికి చదువు చెప్పడానికి మీ లిఫ్టుల పాత రికార్డు ఇచ్చాం, రెండేళ్ళది. ఇదిగో చూడండి. రోజూ పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా అయిదో అంతస్తులో లిఫ్టు ఆగకుండా ఎవరో తాళంచెవి తిప్పారు. ఆ గంటన్నరలో మిగతా అంతస్తుల వాళ్ళకి లిఫ్టు చాలా త్వరగా వచ్చింది. అయిదుని వదిలేస్తే అందరికీ మేలని దీనికి తెలిసింది అక్కడే."

పానాయన తెర మీది వేళలు మళ్ళీ ఒకసారి చదివాడు.

"ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" అని ఆమే అడిగింది.

"నా దగ్గరే."

పెద్ద డాక్టర్లు వార్డులు చూసే వేళ అది. అయిదులో లిఫ్టు ఆగితే వాళ్ళకి ఆలస్యమవుతోంది, ఆ గంటన్నర ఆపెయ్ అని రెండేళ్ళ కిందట సూపరింటెండెంటు చెప్పాడు. పానాయన సరేనన్నాడు. రోజూ తొమ్మిదికి చెవి తిప్పి కిందికి వెళ్ళి టీ తాగేవాడు. వదిన ఆ అంతస్తుకి వస్తుందని తెలిసినా, ఆ వేళకి పైన ఏముందో ఎప్పుడూ ఎక్కి చూడలేదు.

"మీరు గంటన్నరే చేశారు. అది రోజంతా చేస్తోంది, అంతే" అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాటే చెప్పింది.

జేబులో ఉన్న ఇత్తడి చెవిని తాకితే వేళ్ళకి దాని వాసన అంటింది. పంపు దగ్గర రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా పోలేదు.

ఆ సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళాడు. ఆమె కూతురు ఇంకా పని నుంచి రాలేదు. వదిన గిన్నెలో మంచు ముక్క ఒకటి వేసుకుని చప్పరిస్తోంది. ఆమె రోజుకి తాగాల్సిన నీళ్ళకి లెక్కుంది. సీసా మీద గీత గీసి పెట్టుకుంటుంది.

"వదినా, ఈ కొత్త బుర్ర రాకముందు లిఫ్టు వచ్చేదా?"

"ఎక్కడ? మేం దిగే వేళకి అప్పుడూ ఇంతే కదా. పదిన్నర దాకా కూర్చునేవాళ్ళం, లేకపోతే మెట్లు. నువ్వు బాగు చేస్తున్నావనుకున్నా. మా మరిదిదే ఆ పని, కాస్త ఓపిక పట్టండి అని అందరికీ నేనే సర్దిచెప్పేదాన్ని."

"నాతో ఒక్కమాట అనలేదే."

"పనిలో ఉన్నవాడివి, ఇంకా ఏం నసపెడతానని ఊరుకున్నా."

పానాయన గోడ వైపు చూస్తూ చెప్పాడు. "బాగు చెయ్యలేదు వదినా. నేనే ఆపా."

ఆమె నోట్లో మంచు ముక్క కదలడం ఆగింది. "ఎందుకు?"

"ఆపమన్నారు."

"పైన ఎవరున్నారని అడగలేదా?"

"లేదు."

ఆమె గిన్నె కింద పెట్టింది. అతని చేతుల వైపు చూసింది. "ఛీ" అంది. గట్టిగా కూడా అనలేదు. తర్వాత మొహం అటు తిప్పుకుంది. పానాయన చెప్పులేసుకుని వచ్చేశాడు.

మర్నాడే ఇంజనీరమ్మ ఆ ఎక్కువ మార్కులు తీసేసింది. ఆ రోజు నుంచి పానాయన నాలుగో లిఫ్టుని తాళంచెవితో బుర్ర నుంచి విడదీసి, డయాలసిస్ వేళల్లో తనే నడిపాడు. అయిదు నుంచి కిందికి, కింది నుంచి అయిదుకి. వదిన కూడా ఎక్కింది, దిగింది. ఒక్కమాట మాట్లాడలేదు.

గడువు చివరి రోజున పని ముగిశాక ఇంజనీరమ్మ అతని దగ్గరికి వచ్చింది. సంతోషంగా లేదు. "పెద్దాయనా, మీకు తెలియాలి. మీ లిఫ్టు అయిదుకి వెళ్తోందని మిగతా మూడూ పసిగట్టాయి. ఇక అటు చూడనే చూడవు. సగటు పద్దెనిమిది సెకన్లకి దిగింది. ఇంత మంచి ఫలితం ఎప్పుడూ రాలేదు."

"నేను లేనప్పుడు?"

"మీరు వస్తారనే అనుకుంటూ ఉంటాయి."

అంటే తను చేసిన మంచిపని కూడా ఆ మూడింటికి మేతే అయింది.

కాసేపటికి సూపరింటెండెంటు పిలిచాడు. బల్ల మీద కాగితం, దాని మీద కలం. "సంతకం పెట్టి వెళ్ళు పానాయనా. పద్దెనిమిది సెకన్లట."

"ఈ ఖాళీ గడి ఏంటండీ?"

"లోపాలుంటే రాయాలి. ఏం లేవుగా."

"రాస్తే?"

"రాస్తే అది సరయ్యేదాకా బుర్ర ఆపేసి పాత పద్ధతిలో నడపాలి. రూలు అది. నువ్వెందుకు రాస్తావులే."

పానాయన వంగి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. అయిదో అంతస్తుకి రాదు. రెండేళ్ళు నేనే రానివ్వలేదు. దాని కింద సంతకం పెట్టాడు.

సూపరింటెండెంటు వంగి చదివాడు. "మొదటి ముక్క ఉండనీ. రెండోది కొట్టెయ్."

"రెండూ ఉంటాయండీ."

"ఇంటికి పంపిస్తారయ్యా నిన్ను."

"పంపనివ్వండి. మెట్ల మీదుగా పోతాను."

"అంటే? నేను ఆపమన్నానని కూడా రాయాలా ఏంటి?"

"మీ ముక్క మీరు రాసుకోండి. నాకొచ్చిన అక్షరాలు నా ముక్కకే సరిపోయాయి."

ఆ కాగితాన్ని సూపరింటెండెంటు ముట్టుకోలేదు. పానాయన పైకి వెళ్ళి బుర్ర మీట దించేశాడు. ఇంజనీరమ్మ చూస్తూ కూర్చుంది, అడ్డం రాలేదు. కింది హాల్లో తెర నల్లబడింది.

మర్నాడు లిఫ్టులు పాత పద్ధతిలో నడిచాయి. ఎవరు నొక్కితే అక్కడ ఆగుతూ, ఈడ్చుకుంటూ. ఎవడు పాడుచేశాడురా దీన్ని అని ప్రతి అంతస్తులోనూ తిట్లే. తొమ్మిదిన్నరకి పానాయన వదిన కుర్చీ పట్టుకుని అయిదులో నిలబడ్డాడు. లిఫ్టు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల పదకొండు మంది, ఏడో అంతస్తు నుంచి వస్తున్నవాళ్ళు. చెమట వాసన గుప్పున కొట్టింది. అందరూ కాళ్ళున్నవాళ్ళే.

"ఇద్దరు దిగండి. కుర్చీ ఎక్కాలి" అన్నాడు.

ఒకడు ఫోన్‌లోకి చూశాడు. ఒకామె పైకప్పు ఫ్యానుని చూసింది. కోటు వేసుకున్న డాక్టరు పక్కవాడిని చూశాడు, పక్కవాడు ఆ పక్కవాడిని. వెనకనుంచి ఎవరిదో చెయ్యి మెల్లగా వచ్చి తలుపు మూసే మీట నొక్కింది.

పానాయన తలుపుకి బూటు కాలు అడ్డం పెట్టాడు. తలుపు వచ్చి కాలికి కొట్టుకుని వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. లోపలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అతను కాలు తియ్యలేదు.

వదిన అన్ని రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది, అతని వైపు చూడకుండానే.

"ఈ కుర్చీకి బ్రేకు వెయ్యి. వీళ్ళు తేల్చుకునేసరికి ఎంతసేపవుతుందో."